ఆరమిన్ అను పసుపు రంగు

క్రిందటి మాసమున చింతపండును నిలువచేయు విధమును గూర్చి మేము వ్రాసినదానిని జదివి, కుప్పమునుండి సోదరి యొకరు ఉత్తరము వ్రాసిరి. అంగడి పసుపులోను, సెనగపప్పులోను రంగులు గలుపుదురని వినుచున్నామనియు, అవి యెట్టివో, తిన్నచో నేమగునో, కనిపెట్టుట యెట్లో తెలుపవలసినదనియు వారి కోరిక. అట్టి రంగులు పెక్కు గలవు. మెటానిల్ ఎల్లో యనునది యొకటి. సీసముతో గూడిన లెడ్ క్రోమేట్ అనునది మరియొకటి. అది మిక్కిలి క్రూరమైనది. మేము నేడు వ్రాయబూనినది మూడవదియగు ఆరమిన్‌ను గూర్చి. వంటింటివారికిది కల్తీ సరకుగానే తెలియునుగాని, మదనపల్లె ప్రాంతమువారమగు మనకు దీనితో వేరొక సంబంధమును గలదు. అదియు దెలుపవలెననియే దీనిని ఎన్నుకొంటిమి.

ఈ రంగు చెట్టుచేమలనుండి వచ్చినది కాదు. 1883వ సంవత్సరమున ఆల్ఫ్రెడ్ కెర్న్, హైన్రిక్ కారో అను రసాయనశాస్త్రజ్ఞులు బొగ్గుతారునుండి లభించు పదార్థములతో దీనిని కల్పించిరి. లాటిన్ భాషలో బంగారమునకు ఆరమ్ అని పేరు. ఈ పొడి వన్నెనుబట్టి ఆ పేరు దీనికి వచ్చినది. నీటిలో కొంతయు, స్పిరిటులో అంతకంటె నెక్కువగను కరగును. చిటికెడు పొడి బిందెడు నీటిని పసుపుజేయగలదు. చౌక, మెరుపు, కొంచెముతో చాల పని జరుగుట: ఈ మూడు గుణములచేత కాగితమునకు, గోనెనారకు, తోలుకు, చాపలకు అద్దకమున నుపయోగించుచు వచ్చిరి. ఎండకు మాత్రము నిలువదు, త్వరలోనే వెలిసిపోవును. బట్టల వ్యాపారులు దీనిని గౌరవింపకుండుటకు కారణ మిదియే.

దీనికొక విశేషగుణము గలదు. దానిని శాస్త్రజ్ఞులు ప్రతిదీప్తి యందురు. ఒక వర్ణపు వెలుతురును త్రాగి మరియొక వర్ణపు వెలుతురును గ్రక్కుట ఆ గుణము. 1852లో ఇంగ్లండు దేశపు స్టోక్స్ పండితుడు దీనిని వివరించి పేరు పెట్టెను. మన యిండ్లలో నిన్న మొన్నటివరకు వెలిగిన ట్యూబులైటు పనిచేయునది దీనివలననే: గొట్టములోని పాదరసపు ఆవిరి కంటికి గానరాని అతినీలలోహిత కిరణముల నిచ్చును, గాజులోపలి తెల్లపూత ఆ కిరణములను గ్రహించి తెల్లని వెలుతురుగా మార్చి యిచ్చును. బ్యాంకులో నీలిదీపము క్రింద నోటును పెట్టినపుడు దానిపై అంకెలు మెరయుటయు నిదే. చలువబట్టలు నీలి దీపముల పందిట్లో వింతగా వెలుగుటను మీరు పెండ్లిండ్లలో చూచియుందురు. చాకలి పొడులలో గలిపిన తెలుపు రంగుల ప్రభావమది.

ఆరమిన్ మాత్రము ఈ జాతిలో కొంచెము చిత్రమైనది. నీటిలో కలిపియుంచిన యెడల అంతగా వెలుగదు. దాని అణువునకు రెండు రెక్కలున్నవి. అవి నీటిలో నిరాటంకముగా గిరగిర మెలితిరుగుచు, గ్రహించిన వెలుతురు శక్తి నంతయు ఆ కదలికలోనే పోగొట్టుకొనును. ఏదేని పదార్థమునకు గట్టిగా నంటుకొని కదలుటకు వీలులేనపుడు ఆ శక్తి వెలుతురుగా బయటికి వచ్చును. మా వారు బడిపంతులు గనుక ఈ సంగతి వినగానే, గంతులువేయు పిల్లవానిని పలకముందు కూర్చుండబెట్టిన పిదపగాని వాని తెలివి బయటపడదని చమత్కరించిరి. ఈ గుణమును జ్ఞాపకముంచుకొనుడు; దీనితో ముందు పనియున్నది.

ఇక వంటింటి మాట. మన దేశపు చట్టము ప్రకారము ఆహారమున కలుపదగిన కృత్రిమపు రంగులు ఎనిమిది మాత్రమే. అందు ఆరమిన్ లేదు. ఆ యెనిమిదియు సయితము చట్టము పేర్కొన్న కొన్ని తినుబండారములలో, నియమితమైన కొలదికి లోబడి వాడదగినవేగాని, పసుపుపొడిలోను, పప్పులోను ఏ రంగును గలుపుటకు అనుమతి లేదు. ఆరమిన్‌ను తయారుచేయు కర్మాగారములలో పనిచేసిన వారికి మూత్రాశయమున పుట్టకురుపు వచ్చుట ఇంగ్లండు దేశపు వైద్యులు గమనించి 1954లో ప్రకటించిరి. క్యాన్సరును గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంస్థ, ఆ తయారీ పనిని మనుష్యులకు క్యాన్సరు గలిగించుననుటకు నిశ్చయమైన నిదర్శనము లున్న మొదటి తరగతిలో జేర్చినది. ఆరమిన్ పదార్థమును మాత్రము, క్యాన్సరు గలిగింపవచ్చునను తరగతిలో నుంచినది. ఈ రెంటికిని గల భేదమును మేము కావలసియే చెప్పుచున్నాము. భయపెట్టి చెప్పిన మాట రెండు నెలలకంటె నిలువదు. ఒక పూట అట్టి పప్పు తిన్నంతనే రోగము వచ్చునని యెవరును చెప్పలేదు. కాని పసుపు మనము పూటకొక్కసారియైనను, ఏండ్ల తరబడి, పసిపిల్లలకు సయితము పెట్టునది. కూరలో అల్పముగా వేయుదుము గదా యని ఉపేక్షింపదగదు.

ఉడికించిన పోవునను వారును గలరు. ఇది పొరపాటు. వేడినీటిలో ఆరమిన్ విరుగుట నిజమే. విరిగినపుడు అమ్మోనియాయును, మిక్లర్ కీటోన్ అను మరియొక పదార్థమును వచ్చును. ఆ రెండవది ఆరమిన్‌కంటె మంచిది కాదు. రంగు తగ్గినందున దోషము తగ్గెనని తలంపరాదు.

కనిపెట్టుట యెట్లనగా: ఒక గాజు గ్లాసెడు నీటిలో చెంచాడు పసుపుపొడి చల్లి, కలియబెట్టక యుంచవలెను. మంచి పసుపు మెల్లగా అడుగునకు దిగును, పైనీరు లేత పసుపువన్నెతో నుండును. కృత్రిమపు రంగు గలదైనచో నీరు వెంటనే చిక్కని పసుపుగా మారును. సెనగపప్పునైనచో పిడికెడు గింజలను నీటిలో వేయుడు. రంగు పూసినదైనచో అప్పటికప్పుడే నీటిలోనికి దిగును. తడిచేతి వ్రేళ్లతో నులిమి చూచినను తెలియును. మేము పుంగనూరులో ఒక అంగడి నుండి విడిగా దెచ్చిన పప్పును ఈ రీతిగా పరీక్షింపగా, నీరు క్షణములో మల్లెపందిరి సాయంకాలపు టెండవలె నయ్యెను. అది ఆరమిన్ అగునో, మెటానిల్ అగునో ఇంటి పరీక్షతో తేలదు, ప్రయోగశాలయే తేల్చవలెను. మనకు కావలసినది అది ఏ రంగనుట కాదు, రంగున్నదనుట. ఆ పప్పు మా యింట వండబడలేదు.

సున్నముతో పరీక్షించు అలవాటు మన ముత్తైదువలకు గలదు. సున్నము తగిలిన పసుపు ఎఱ్ఱనగును. పారాణి పుట్టుట అట్లే గదా. కాని సగము పసుపు, సగము కల్తీయైనను ఆ సగము పసుపే పాలు తేల్చి యెఱ్ఱబారును. కనుక అది పసుపు ఉన్నదని చెప్పునేగాని, వేరేమియు లేదని చెప్పజాలదు. నీలిదీపము క్రింద మెరసినచో కల్తీయని చెప్పు మాటయు నమ్మదగినది కాదు. మన స్వచ్ఛమైన పసుపే స్పిరిటులో కలిపి అట్టి దీపము క్రింద నుంచిన పచ్చగా మెరయును! అన్నిటికంటె మేలైనది, కొమ్ములు కొని ఎండబెట్టి దంచుకొనుట, లేక ఎదుట నుండి మరపట్టించుకొనుట. దీనికి ఒక పూట పని. తీరిక లేదనువారిని మేము తప్పుపట్టము. అట్టివారు ముద్రగల పొట్లమునే కొనవలెను.

ఆరమిన్‌కు ఎఱ్ఱని తోడబుట్టువువంటిది రోడమిన్. అదియు ప్రతిదీప్తిగల కృత్రిమపు రంగే, అదియు ఆహారమునకు నిషిద్ధమే. తీర్థములలో పిల్లలు మారాము చేసి కొనిపించుకొను గులాబివన్నె పీచుమిఠాయిలో అది కనబడినందున 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరియు, తమిళనాడును ఆ మిఠాయి అమ్మకమును నిషేధించెను. కర్ణాటకము మార్చి మాసమున రంగు వేసిన పీచుమిఠాయిని నిషేధించెను. కుప్పమువారికి ఒకవైపున తమిళదేశము, మరియొకవైపున కన్నడదేశము. హద్దుకు ఇరుప్రక్కల నిషిద్ధమైన సరకు హద్దులోని తీర్థమునకు వచ్చునేమో యని అచ్చటి తల్లులు కొంచెము కనిపెట్టియుండుట మంచిది. కుంకుమలో సయితము రోడమిన్ గలుపువారు గలరు. నొసట దురదయు, నల్లమచ్చయు గలిగినచో కుంకుమను మార్చి చూడుడు. పసుపు, నిమ్మరసము, వెలిగారము, పటికలతో ఇంట జేసిన కుంకుమకు అంత జిగి యుండదు. ఉండవలసిన పనియు లేదు.

ఇంతవరకు చదివిన సోదరి, ఇట్టి రంగును లోకమున లేకుండ జేయరాదా యని అడుగవచ్చును. అందులకే మదనపల్లె ప్రసంగము వచ్చుచున్నది.

మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమని యొక తావు గలదు. 1910, 1920 సంవత్సరముల నడుమ కొన్ని క్రైస్తవ మిషనులు ఏకమై క్షయరోగులకొఱకు అచ్చట యూనియన్ మిషన్ శానటోరియమును నెలకొల్పెను. డెన్మార్కు దేశీయుడగు క్రిస్టియన్ ఫ్రీమాట్ మొల్లర్ వైద్యుడు దానికి మొదటి అధికారి. ఈ పీఠభూమి గాలి పొడిగా, చల్లగా నుండుటచేత దానిని ఎంచుకొనిరి. ఆ కాలమున క్షయకు మందు లేదు. గాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, దైవము: ఇంతే. దక్షిణదేశమున నలుమూలలనుండి రోగులు రైలుదిగి బండ్లమీద అచ్చటికి వచ్చెడివారు. మన దేశమున 1948లో బి.సి.జి. టీకాలు మొట్టమొదట వేసిన తావులలో మదనపల్లె యొకటి. 1956లో మద్రాసున స్థాపింపబడిన క్షయచికిత్సా కేంద్రమువారు, రోగిని ఇంటనే యుంచి మందిచ్చినను శానటోరియములో నుంచి మందిచ్చినంత గుణమే కలుగుననియు, ఇంటివారికి అందువలన విశేషించి అంటుకొనదనియు 1959లో నిరూపించిరి. దానితో శానటోరియముల కాలము ముగిసెను. ఆరోగ్యవరము నేడు అన్ని రోగములకు చికిత్స చేయు వైద్యశాలయై నిలిచియున్నది. మా మామగారి తరమువారు ఆ పేరు చెప్పుటకు సయితము గొంతు తగ్గించెడివారు.

మనవారికి ఈ రోగము క్రొత్తది కాదు. రోహిణియందే మక్కువజూపి తక్కిన భార్యల నుపేక్షించిన చంద్రునికి దక్షుని శాపమున రాజయక్ష్మ వచ్చెనని పురాణకథ. (శాపము చంద్రునికి దగిలెనుగాని రోహిణికి గాదు. మన లోకాచారమున మాత్రము రోగము కోడలిది, నిందయు కోడలిదే.) రోగమునకు కారణమగు క్రిమిని 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కాక్ ప్రకటించెను. ఆ క్రిమి మిల్లీమీటరులో మూడువందలవ వంతు పొడవుగల పుల్ల. దానికి వన్నె లేదు, రంగువేసినగాని కానరాదు. అంతేగాక దాని మేనికి మైనమువంటి పూత గలదు. కావున రంగు తేలికగా ఎక్కదు. ఎక్కినపిదప ఆమ్లముతో కడిగినను పోదు. నూనెమరకపై పసుపు పడిన చీరచెఱగును ఉతికినవారికి ఈ స్వభావము వేరుగా జెప్పనక్కరలేదు.

జీల్, నీల్సన్ అను వైద్యులు ఎఱ్ఱరంగుతో క్రిములను జూపు విధమును ఏర్పఱచిరి. అది నేటికిని వాడుకలో నున్నది. కాని అందు చమురుబొట్టు వేసి వేయిరెట్లు పెద్దదిగా జూపు కటకముతో, గాజుపలకను అంగుళమంగుళము వెదకవలెను. 1937, 1938 సంవత్సరములలో జర్మనీ దేశపు హాగెమన్ ఈ పనికి ఆరమిన్‌ను ప్రయోగించెను. విధానమిది: రోగి గళ్లను గాజుపలకపై పలుచగా రాచి, ఆరనిచ్చి, వేడిసోకించి, ఫినాలుతో గలిపిన ఆరమిన్‌ను పోసి ఇరువది నిమిషము లుంతురు. పిదప ఆమ్లము గలిపిన స్పిరిటుతో కడుగుదురు. తక్కిన వానినుండి రంగు పోవును, మైనపుపూతగల క్రిమిలో మాత్రము నిలుచును. పర్మాంగనేటు ద్రవము పోసి నేపథ్యమును నల్లగా జేయుదురు. అపుడు నీలి వెలుతురున సూక్ష్మదర్శినితో చూతురు. ముందు జ్ఞాపకముంచుకొనుడనిన గుణము ఇచ్చట పనికివచ్చును: నీటిలో గంతులువేయుచుండిన అణువు క్రిమిదేహమున నంటుకొని, కదలలేక, వెలుగును.

క్రిందటి యేడు మా వారు బడిపిల్లలను ఒక ప్రయోగశాలకు గొనిపోయినపుడు మేమును వెంట వెళ్లితిమి. అచ్చటి పరీక్షకురాలు మమ్ము కూర్చుండబెట్టి చూడనిచ్చెను. కటికచీకటి నేల. దానిపై అక్కడొకటి, ఇక్కడ రెండు, సన్నని పసుపు పుల్లలు, కొన్ని సూటిగాను, కొన్ని కొంచెము వంగియు మెరయుచుండెను. వెదకనక్కరలేదు, అవే కంటబడును. నిఘంటువులలో పసుపునకు నిశ, రజని మొదలగు రాత్రి పేళ్లన్నియు నుండుటను చిన్నతనమున మా తండ్రిగారివద్ద వల్లించితిమి. ఆ పేళ్లు ఆ దినమున మాకు జ్ఞాపకమునకు వచ్చినవి. ఆ పుల్లలు ఎవరి గొంతునుండి వచ్చినవో యను తలంపు తరువాత గలిగినది. చూచిన పిల్లలలో నొకడు, ఆ రోగి యిపుడెట్లున్నాడని అడిగెను. మందులు వాడుచున్నాడని ఆమె చెప్పెను.

ఈ పద్ధతిలో చిన్న కటకమే చాలును గనుక ఒక్కచూపున పెక్కురెట్లు స్థలము కనబడును. పరీక్షకు పట్టుకాలము సుమారు సగమునకు తగ్గును. ఎఱ్ఱరంగు విధముకంటె సగటున పదిశాతము ఎక్కువమంది రోగులను పట్టియిచ్చునని 2006లో వెలువడిన సమీక్షలో తేలినది. పూర్వము దీనికి ఖరీదైన పాదరసదీపమును, చీకటిగదియు కావలసియుండెను. నేటి ఎల్.ఇ.డి. దీపము ఆ రెండు చిక్కులను తీర్చినది. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ దీపపు సూక్ష్మదర్శినులనే వాడవలెనని సలహా యిచ్చినది.

మేము ఇంత విపులముగా వ్రాయుటకు కారణము గలదు. మా యెఱుకలోని ఒక కుటుంబమున కొత్తకోడలికి రెండు నెలలు దగ్గు. అత్తగారు చెడ్డమనిషి కారు. రాత్రిరాత్రి పసుపుపాలు తానే కాచి యిచ్చెడివారు. ఆస్పత్రికి మాత్రము పంపలేదు. కఫము పరీక్ష చేయించినామని తెలిసిన ఇంకను పెండ్లికాని చిన్నకూతురునకు సంబంధములు రావని ఆమె భయము. ఆ పిల్ల చిక్కి సగమైన పిదప, పుట్టింటివారు వచ్చి పరీక్ష చేయించిరి. పరీక్ష కాగితముపై క్రిములున్నవని వచ్చినది. ఆరుమాసములు మందు మ్రింగినది. ఇపుడు బిడ్డతల్లి. కాని ఆ రెండు మాసములలో ఆమె ప్రక్కలో పడుకొన్న అత్తగారి మనుమరాలికి, అయిదేండ్ల పిల్లకు, రోగము సోకినది. ఆ పిల్లయు మందులతో కోలుకొన్నది. దాచినందువలన ఎవరికి మేలు జరిగెనో మాకు బోధపడలేదు.

దగ్గు రెండువారములు దాటినను, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట, గళ్లలో నెత్తురు కనబడినను కఫమును పరీక్ష చేయింపవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ పరీక్షయు, మందును ఉచితము. చికిత్స జరుగునంతకాలము ఆహారమునకై 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలిచ్చుచు, 2024 నవంబరునుండి దానిని 1000 రూపాయలు చేసిరి. సామాన్యమైన క్షయకు చికిత్స ఆరుమాసములు. నెమ్మదించినదని నడుమ మానిన యెడల క్రిమి మందునకు లొంగని దగును.

సూక్ష్మదర్శినిలో క్రిమి కానరాలేదన్నంత మాత్రమున రోగము లేదనుకొనరాదు. ఒక మిల్లీలీటరు కఫములో సుమారు పదివేల క్రిములున్నగాని ఈ విధమున కనబడవు. పిల్లలకును, మెడగడ్డల క్షయ గలవారికిని ఇది చాలదు. అట్టివారికి క్రిమి వంశలక్షణమునే గుర్తించు క్రొత్త యంత్రములు వచ్చినవి. ఇపుడు పలుచోట్ల మొదటనే వానితో పరీక్షించుచున్నారు, మందునకు లొంగునో లేదో యనుట సయితము అవి తెలుపును. అయినను మందు పనిచేయుచున్నదో లేదో చూచుటకు గాజుపలక పరీక్ష అవసరమగుచునే యున్నది.

కఫము ఇచ్చు విధము చాలమందికి తెలియదు. ఉమ్మి యిచ్చి వచ్చెదరు, అది పనికిరాదు. తెల్లవారి లేవగానే, పండ్లు తోముటకు ముందు నీటితో నోరు పుక్కిలించి, రెండుమూడుమార్లు లోతుగా ఊపిరిపీల్చి, ఎదలోనుండి దగ్గి గళ్లను డబ్బాలో వేయవలెను. ఆ పని ఇంటిలోపల, వంటింటివద్ద చేయరాదు. పెరటిలోగాని, మేడపైగాని, గాలియాడు చోట, ఇతరులకు దూరముగ చేయవలెను. మూత బిగించి ఆ పూటయే అందజేయవలెను. సాధారణముగ ఒకటి అప్పటికప్పుడు, ఒకటి మరునాటి తెల్లవారుజామున, రెండు మార్లు అడుగుదురు. ఆడవారు సిగ్గుపడి నలుగురిలో దగ్గుటకు సంకోచింతురు గనుక, తోడువచ్చిన పెద్దలు కొంచెము ఎడముగా నిలిచిన చాలును.